కుక్కకు ఎక్కిళ్ళు: ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి

కుక్కలకు వచ్చే ఎక్కిళ్ళు చాలావరకు ఏ మందూ అక్కరలేకుండా వాటంతట అవే తగ్గిపోతాయి. అయినా కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో మొదటిసారి ఆ శబ్దం వినబడగానే కంగారు మొదలవుతుంది. "ఏటలా సూస్తన్నావు, కాసిన్ని నీళ్ళు దాని నోట్లో పొయ్యి" అని పెద్దవాళ్ళు అంటారు, పిల్లలు గ్లాసు పట్టుకొని పరుగెత్తుకొస్తారు. నా అభిప్రాయంలో ఎక్కిళ్ళ వల్ల కుక్కకు కలిగే ఇబ్బంది కంటే ఆ గ్లాసుడు నీళ్ళ వల్ల కలిగే ప్రమాదమే పెద్దది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో మేడల మీద పొమరేనియన్లను, షిట్జూలను, ల్యాబ్రడార్లను పెంచుకునేవారికీ, పల్లెల్లో వాకిలి కాచే నాటు కుక్కకు పూటకింత పెట్టేవారికీ పనికివచ్చేలా, వచ్చినవి ఎక్కిళ్ళేనా అని తేల్చుకోవడం, ఆ కొద్దిసేపు చేయవలసినవి, మళ్ళీ మళ్ళీ రాకుండా తిండి పెట్టే తీరును మార్చుకోవడం గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కిలి ఎలా పుడుతుంది

ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డంగా, వంపు తిరిగి పరచుకొని ఉండే పలుచని కండరాన్ని ఉదర వితానం లేదా డయాఫ్రమ్ అంటారు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది బిగుసుకొని వెనక్కి, పొట్ట వైపుకు జరుగుతుంది. వదిలినప్పుడు సడలి యథాస్థానానికి వస్తుంది. ఈ కదలికను నడిపించేది మెడ భాగం నుంచి గుండె పక్కగా దిగివచ్చే ఫ్రెనిక్ నాడి. పొట్ట ఒక్కసారిగా ఉబ్బినా, గాలి మింగినా, చల్లని పదార్థం గబుక్కున లోపలికి దిగినా ఈ నాడి గానీ, అన్నవాహికను ఆనుకొని వెళ్ళే వేగస్ నాడి గానీ రేగుతుంది. అప్పుడు ఉదర వితానం తన లయ తప్పి ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. ఆ ఊపుకు గాలి లోపలికి దూసుకువస్తుండగానే కంఠబిలం టక్కున మూసుకుపోవడం వల్ల మనకు వినిపించే 'హిక్' శబ్దం పుడుతుంది. మనుషులకు వచ్చే ఎక్కిళ్ళు కూడా ఇలాగే పుడతాయి కాబట్టి కుక్క ఎక్కిలి పెట్టినప్పుడు గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు.

గుర్తుపట్టడానికి మొదట చూడవలసింది నోటిని కాదు, డొక్కను. కుక్క పక్కకు తిరిగి పడుకొని ఉన్నప్పుడు చివరి పక్కటెముకకు వెనుక ఉన్న మెత్తని భాగం మీద చూపు నిలిపితే, కొన్ని సెకన్లకొకసారి అక్కడ చర్మం చటుక్కున లోపలికి లాగి వదిలినట్లు కనిపిస్తుంది. కుక్కపిల్లలైతే ఆ అదురుకు తల, చెవులు కూడా ఎగిరిపడతాయి. నోరు మూసే ఉంటుంది. శబ్దం కొన్నిసార్లు బొత్తిగా వినబడదు. ఆ సమయంలో కుక్క తోక ఊపుతూ, పిలిస్తే పలుకుతూ, మామూలుగానే ఉంటుంది. కొన్ని పిల్లలు తమ ఎక్కిలికి తామే ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగి చూసుకుంటాయి. ఇలా మొదలైనవి సాధారణంగా కొద్ది నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ అరగంటలో ఆగిపోతాయి. పెద్ద కుక్కల కంటే పిల్లల్లోనే ఇవి చాలా ఎక్కువ. పిల్లలు తొందరగా తింటాయి, తొందరగా అలసిపోతాయి, క్షణంలో ఉత్సాహం పట్టలేక గెంతులేస్తాయి. వాటి శ్వాస కండరాల మీద అదుపు కూడా ఇంకా పూర్తిగా కుదురుకొని ఉండదు. పెరిగేకొద్దీ ఇవి వాటంతట అవే అరుదైపోతాయి.

ఎక్కిళ్ళలా కనిపించే ఇతర సమస్యలు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉన్నవారు ఇది చదవాలని కోరుకుంటాను. ఎందుకంటే ఎక్కిళ్ళు ప్రమాదకరం కాకపోయినా, ఎక్కిళ్ళు అనుకొని ఊరుకున్నవి కొన్నిసార్లు ప్రాణం తీస్తాయి.

తరచుగా పొరపడేది వెనుక తుమ్ము విషయంలో. కుక్క ఉన్నట్టుండి నిలబడిపోయి, మోచేతులు బయటికి పెట్టి, మెడ ముందుకు చాచి, ముక్కుతో గాలిని గుర్రుగుర్రుమంటూ లోపలికి లాక్కుంటుంది. చూసేవారికి దానికి ఊపిరాడటం లేదేమో అనిపిస్తుంది గానీ, అంగిలి వెనుక భాగంలో దుమ్ము, అగరుబత్తి పొగ, ఘాటైన వాసన వంటివి రేపిన చికాకు మాత్రమే అది. పగ్ జాతి కుక్కల్లోను, పొమరేనియన్ వంటి చిన్న జాతుల్లోను ఎక్కువ. ఒక నిమిషం అటూ ఇటూగా ఆగిపోతుంది, ఆగగానే కుక్క ఏమీ జరగనట్లు తన పనిలో పడుతుంది. గొంతు మీద మెల్లగా నిమిరితే చాలు.

దగ్గు వేరు. కుక్కలు గుంపుగా ఉన్న చోటికి వెళ్ళివచ్చిన కొద్ది రోజులకు పొడిగా, ఖంగుఖంగుమని, చివర కాస్త తెల్లని నురుగు కక్కుతూ దగ్గు వస్తే అది కుక్క నుంచి కుక్కకు అంటుకునే కెన్నెల్ కాఫ్ కావచ్చు. ముసలి పొమరేనియన్ మెడపట్టీ లాగినప్పుడల్లా, ఉత్సాహపడినప్పుడల్లా దగ్గుతుంటే గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోతోందేమో చూపించాలి. అలాంటి కుక్కకు మెడపట్టీ తీసేసి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడటం ఆ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.

గొంతులో ఎముక గానీ బంతి గానీ అడ్డుపడ్డ కుక్క నిశ్శబ్దంగా పెనుగులాడుతుంది. ముందుకాళ్ళతో మూతి గోక్కుంటుంది, చిగుళ్ళు నీలంగా మారతాయి. నోరు తెరిచి చూసినప్పుడు వస్తువు కంటికి కనిపించి, చేతికి అందితేనే తీయాలి; చూడకుండా వేలు పెట్టి తడిమితే అది మరింత లోపలికి జారుతుంది. చిన్న కుక్కనైతే వెనుక భాగం పైకెత్తి తల కిందికి వంచి పట్టుకోవాలి. పెద్ద కుక్కనైతే పక్కటెముకలు ముగిసే చోట, పొట్ట మీద రెండు చేతులతో లోపలికి, ముందుకు ఒక్క ఉదుటున నొక్కాలి. అడ్డు తొలగినా ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. కింది దవడ వేలాడిపోయి, చొంగ కారుతూ, మింగలేక, గొంతు మారి, ఏదో ఇరుక్కున్నట్లు కనిపించే కుక్కకు, అందులోనూ టీకా వేయించని లేదా ఈ మధ్య వేరే కుక్క కరిచిన కుక్కకు, రేబిస్ ఉండవచ్చు. పిచ్చికుక్క అంటే మీదపడి కరిచేదే అనుకుంటాం గానీ, మూలన కూర్చొని దవడ పడిపోయే తీరు కూడా ఆ జబ్బుకు ఉంది. పాపం ఎముక ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టి దాని చొంగను అంటించుకున్నవారు ఉన్నారు. అలాంటి అనుమానం కలిగితే చేయి పెట్టకూడదు. ఒకవేళ గాయానికి గానీ గీరుకు గానీ చొంగ తగిలితే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి లోతైన ఛాతీ గల పెద్ద కుక్క కడుపునిండా తిన్న తర్వాత వాంతికి ప్రయత్నిస్తూ, ఏమీ బయటికి రాక, పొట్ట డోలులా బిగిసి, ఒకచోట నిలవలేక తిరుగుతుంటే దాని కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోతూ ఉండవచ్చు. ఇందులో గంటలు కూడా కాదు, నిమిషాలు లెక్క. శస్త్రచికిత్స చేయగలిగిన చోటికి బయలుదేరుతూ దారిలోనే ఫోను చేయాలి.

వైరస్ వల్ల కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు మిగిల్చే కండరాల అదురు మన ప్రాంతంలో ఎక్కిళ్ళని పొరపడటానికి మరో పెద్ద కారణం. టీకాలు వేయించని పిల్లకు కొన్ని వారాల కిందట జ్వరం, కళ్ళ నుంచి ముక్కు నుంచి చీమిడి వచ్చి తగ్గినట్లే తగ్గి, ఇప్పుడు తల గానీ, దవడ గానీ, ఒక కాలు గానీ, పొట్ట కండరాలు గానీ లయబద్ధంగా అదురుతుంటే అది ఎక్కిలి కాదు. ఎక్కిలిలో చాలాసార్లు శబ్దం ఉంటుంది, కాసేపటికి ఆగుతుంది. ఈ అదురుకు శబ్దం ఉండదు, కుక్క నిద్రపోయినా ఆగదు, రోజుల తరబడి సాగుతుంది. నిద్రలో ఆగిందా లేదా అన్నది ఇంట్లోనే ఎవరైనా చూడగలిగిన పరీక్ష.

పిల్లలకు పాలిస్తున్న తల్లి కుక్కలో డొక్కల అదురు కనిపిస్తే దాని ఛాతీ మీద ఎడమవైపు అరచేయి ఆనించి చూడండి. గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్క కూడా ఎగురుతుంటే, దానితోపాటు రొప్పడం, వణుకు, కాళ్ళు బిర్రబిగుసుకొని నడవడం ఉంటే రక్తంలో కాల్షియం పడిపోయిందని అనుమానించాలి. ఈనిన మొదటి నాలుగు వారాల్లో, అదీ ఎక్కువ పిల్లలు పెట్టిన చిన్న జాతి కుక్కల్లో ఇది వస్తుంది. పిల్లలను వెంటనే పాలు మాన్పించి దూరంగా ఉంచి, అదే రోజు, వీలైతే అదే గంటలో, డాక్టరు చేత సెలైన్ ద్వారా కాల్షియం ఎక్కించాలి. చూలుతో ఉన్నప్పుడే ముందుజాగ్రత్త పేరుతో కాల్షియం టానిక్కులు సొంతంగా పోయడం ఈ సమస్యను తగ్గించకపోగా పెంచుతుంది.

ఎక్కిళ్ళు వచ్చిన ఆ కొద్దిసేపు

పైవాటిలో ఏదీ కాదని తేలితే చేయవలసినది చాలా తక్కువ. తింటున్న గిన్నెను, ఆడుతున్న బంతిని పక్కకు తీసి, పిల్లలను దూరంగా పంపి, కుక్కను దానికి ఇష్టమైన చోట పడుకోనివ్వాలి. అది మీ దగ్గరకే వస్తే పక్కన కూర్చొని ఛాతీ మీద, ముందుకాళ్ళ మధ్య నుంచి కిందికి, అరచేతితో మెల్లగా నిమరవచ్చు. ఊపిరి నెమ్మదించేకొద్దీ ఎక్కిలికి ఎక్కిలికి మధ్య ఎడం పెరగడం మీకే తెలుస్తుంది. పడుకోవడం ఇష్టపడని కుక్కను వరండాలోనో వీధిలోనో నాలుగు అడుగులు మెల్లగా నడిపించినా సరే. పరుగు మాత్రం పెట్టించకూడదు. నిద్ర పట్టిందంటే లేపవద్దు, నిద్రలోనే అవి ఆగిపోతాయి.

నీళ్ళు ఇవ్వవచ్చా అని అడుగుతారు. ఇవ్వవచ్చు, పోయకూడదు. వెడల్పైన పళ్ళెంలో అడుగు తడిసేంత నీళ్ళు పోసి ముందు ఉంచితే అది నాలుకతో నాలుగుసార్లు అందుకుంటుంది. అలా చిన్న చిన్న గుటకలు వేసినప్పుడు శ్వాస లయ సర్దుకునే అవకాశం ఉంది. నీళ్ళు గటగటా తాగినందువల్లే ఎక్కిళ్ళు మొదలైనట్లయితే అవి ఆగేదాకా పళ్ళెం కూడా తీసేయడం మంచిది. ఫ్రిజ్ నీళ్ళు, ఐసు ముక్కలు వద్దు.

ఈ ఖాళీ సమయంలో చేయగలిగిన ఒక మంచి పని ఉంది. పై పెదవి ఎత్తి చిగురు రంగు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు లేత గులాబీ రంగులో ఉంటుంది, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపే మళ్ళీ రంగు వస్తుంది. తర్వాత 15 సెకన్ల పాటు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి సుమారు 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసుకుంటుంది. ఈ రెండూ కుదురుగా ఉన్న రోజున అలవాటు చేసుకొని ఉంటే, తేడా వచ్చిన రోజున డాక్టరు ఫోనులో అడిగే మొదటి రెండు ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

చేయకూడనివి మాత్రం కచ్చితంగా చెప్పాలి. కుక్కను పక్కకు పడుకోబెట్టి నోట్లో నీళ్ళు గానీ, నూనె గానీ, తేనె నీళ్ళు గానీ పోస్తే, ఉదర వితానం ఒక్కసారిగా బిగుసుకున్న క్షణంలో అవి ఊపిరితిత్తుల్లోకి లాగబడి న్యుమోనియాకు దారితీయవచ్చు. మూతీ ముక్కూ మూసి ఊపిరి బిగబట్టించడం, నాలుక పట్టి లాగడం, వెనుక నుంచి అరిచి బెదిరించడం మనుషుల చిట్కాలు. బెదిరిన కుక్క కరుస్తుంది, ఆ తప్పు దానిది కాదు. పసిపిల్లలకు తెచ్చిన గ్రైప్ వాటర్, వాము నీళ్ళు, గ్యాసు మాత్రలు దీనికి పనికిరావు. మన ఇంట్లో నొప్పికి వాడే ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు కుక్కలకు విషం. పసిబిడ్డలకు చేసినట్లు నుదుటి మీద తడి దారప్పోగు అంటించడంలో హాని లేదు, కుక్క దాన్ని ఒక్క విదిలింపుతో వదిలించుకుంటుంది. ఎవరో తలచుకుంటున్నారని పేర్లు చదవడం కూడా నిరపాయకరమే, పైగా పేర్లు అయ్యేసరికి ఎక్కిళ్ళు ఎలాగూ ఆగుతాయి.

గిన్నె దగ్గరే ఉంది మందు

ఎక్కిళ్ళు తరచుగా వచ్చే కుక్క ఇంట్లో ఉంటే, దానికి తిండి పెట్టే సమయంలో ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా కూర్చొని చూడండి. గిన్నెలో పెట్టిన అన్నం ఎంతసేపట్లో ఖాళీ అయింది, ముద్ద నమిలిందా మింగిందా, మధ్యలో తల ఎత్తి చూసిందా అన్నది గమనిస్తే కారణం అక్కడే దొరుకుతుంది. ఆబగా తినే కుక్క ప్రతి ముద్దతోనూ గాలిని కూడా మింగుతుంది. లోతైన, సన్నటి గిన్నెలో మూతి దూర్చి తినేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ.

అందుకే మొదట మార్చవలసింది పాత్రను. వెడల్పాటి స్టీలు తాంబాళంలో అన్నాన్ని పలుచగా పరిచి పెడితే, అంతే అన్నం తినడానికి కుక్కకు ఇంతకు ముందుకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. దీనికంటే మేలైనది, దాదాపు ప్రతి ఇంట్లోనూ పాత సామాన్ల మధ్య పడి ఉండేది, ఇడ్లీ రేకు. ఒక్కో గుంటలో కొద్దికొద్దిగా ముద్ద సర్ది నేల మీద పెడితే కుక్క ఒక గుంట నాకి, తల ఎత్తి, పక్క గుంటకు వెళ్ళక తప్పదు. ఆ తల ఎత్తే విరామమే మనకు కావలసింది. రేకు జారకుండా కింద తడి గోనెసంచి ముక్క వేయాలి. పెద్ద కుక్కకైతే తాంబాళం మధ్యలో శుభ్రంగా కడిగిన గుండ్రని ఏటి రాయిని ఉంచి దాని చుట్టూ అన్నం పెట్టవచ్చు. నాగావళి, వంశధార ఒడ్డున అలాంటివి ఏరుకోవచ్చు. అయితే ఆ రాయి కుక్క నోట్లో పట్టనంత పెద్దదిగా, పదును లేనిదిగా ఉండాలి. మార్కెట్లో దొరికే మలుపుల గిన్నెలు కూడా ఇదే పని చేస్తాయి, కొనడం తప్పనిసరి మాత్రం కాదు.

రెండవది పూటల సంఖ్య. రోజుకు ఒక్కసారి కడుపు పగిలేలా పెట్టడం మన ఊళ్ళలో కాపలా కుక్కల విషయంలో చాలా చోట్ల ఉన్న అలవాటు. మూడు నెలల లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు, ఆ తర్వాత జీవితాంతం కనీసం రెండుసార్లు, అదే మొత్తాన్ని విడగొట్టి పెట్టడం ఎక్కిళ్ళకే కాదు, ముందు చెప్పిన కడుపు మెలితిరిగే ప్రమాదాన్ని తగ్గించడానికి కూడా అవసరం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో ప్రచురించిన పరిశీలనలో పెద్ద జాతి కుక్కలు వేగంగా తినడం, గిన్నెను ఎత్తు మీద పెట్టడం ఆ ప్రమాదంతో ముడిపడి ఉన్నట్లు తేలింది. ఎత్తు స్టాండు మీద పెడితే గాలి మింగదని చెప్పి అమ్మేవారి మాట విని పెద్ద కుక్కకు అలాంటిది కొనేముందు డాక్టరును అడగాలి.

ఇక తిండి సంగతి. ఉత్తరాంధ్రలో కుక్కకు పోసే చోడి (రాగి) అంబలి మంచిదే గానీ, పలుచగా పోస్తే అది గటగటా జుర్రుతుంది, గాలి మింగుతుంది. చల్లార్చి, చెంచా నిలబడేంత చిక్కగా చేసి, ఉడికించిన గుడ్డో, ఉప్పు వేయకుండా ఉడికించిన గుమ్మడికాయ ముక్కలో కలిపి పెడితే నెమ్మదిగా తింటుంది. మన ఎంగిలి కూరన్నంలోని కారం, మసాలా కడుపును రేపి ఎక్కిళ్ళు తెప్పించగలవు. ఉల్లి, వెల్లుల్లి అంతకు మించి హాని చేసి రక్తకణాలను దెబ్బతీస్తాయి. కొట్టు నుంచి తెచ్చిన పొడి గుళికలను ఉత్తగా మింగే కుక్కకు వాటిని గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి ఇవ్వాలి. చేప ముళ్ళు, ఉడికించిన కోడి ఎముకలు అసలే వద్దు.

ఇంట్లో రెండు కుక్కలుంటే పక్కపక్కనే పెట్టకూడదు. పోటీ ఉన్నచోట నమలడం ఉండదు. సాయంత్రం వీధి కుక్కలకు అన్నం పెట్టే అలవాటున్నవారు కూడా ఒకే కుప్పగా పోయకుండా, విస్తరాకులు దూరదూరంగా వేసి పెడితే కొట్లాటా తగ్గుతుంది, మింగుడూ తగ్గుతుంది. తిన్న తర్వాత కనీసం గంటసేపు పరుగులు, ఎగిరే ఆటలు ఉండకూడదు.

వేసవిలో జాగ్రత్త ఇంకాస్త కావాలి. కళింగపట్నం, భీమిలి మధ్య తీరమంతా ఎండ కంటే ఉక్కే ఎక్కువ బాధిస్తుంది. కుక్క ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే ఒంటి వేడిని పంపించుకుంటుంది; గాలిలో తేమ ఎక్కువైతే ఆ పని సరిగా సాగదు. అలా రొప్పుతూ తిరిగివచ్చిన కుక్క నీళ్ళ బొచ్చె మీద పడి ఒక్క దమ్మున తాగితే ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. నడకను తెల్లవారుజామునకు మార్చి, ఇంటికి రాగానే నీడలో నిలిపి, రొప్పు కాస్త తగ్గాక కొంచెం కొంచెంగా నీళ్ళు ఇవ్వాలి. రొప్పు తగ్గకుండా, చిగుళ్ళు ఎర్రబారి, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, వెంటనే బయలుదేరాలి.

చలికాలపు కూనలు

చిత్తకార్తెలో జతకట్టిన వీధి కుక్కలు సుమారు 63 రోజులకు, అంటే ధనుర్మాసపు చలిలో పిల్లలు పెడతాయి. సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చిన పిల్లలు వాటిని చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకునేసరికి ఆ కూనలకు నాలుగు వారాలు కూడా నిండి ఉండవు. ఎనిమిది వారాలు నిండేదాకా అవి తల్లి దగ్గరే ఉండాలి. తల్లి చనిపోయినందువల్లో, వదిలేసినందువల్లో పెంచక తప్పకపోతే, ఎక్కిళ్ళు మీకు రోజూ వినబడే శబ్దం అవుతుంది.

మొదటి రెండు మూడు వారాల్లో కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్ళు చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు, ఎందుకంటే దానికి ఆ పాలు అరగవు. అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాను ఒక పక్కన పెట్టి, వేడెక్కువైతే జరగడానికి మరో పక్క ఖాళీ ఉంచి, ఒళ్ళు వెచ్చబడ్డాకనే పాలు పట్టాలి. పట్టేటప్పుడు పసిబిడ్డను పడుకోబెట్టినట్లు వెల్లకిలా పడుకోబెట్టడం చాలామంది చేసే పని, అదే అన్నింటికంటే ప్రమాదకరం. కూన బోర్లా, పొట్ట నేలకు ఆని, తల కొద్దిగా ఎత్తి, తల్లి దగ్గర తాగే భంగిమలోనే ఉండాలి. సీసాను తలకిందులు చేస్తే పాలు బొట్టుబొట్టుగా రాలాలి. ధారగా కారితే రంధ్రం పెద్దదైందని, కూన ఎంత చీకినా రాకపోతే అది గాలి మింగుతోందని అర్థం. తాగాక నిలువుగా పట్టుకొని వీపు మీద మెల్లగా తట్టాలి. పాలు ముక్కులో నుంచి వస్తే ఆపేసి డాక్టరుకు చూపించాలి, అంగిలి చీలిక ఉండవచ్చు. ఆవు, గేదె పాలు తల్లి పాలకు సాటి రావు, విరేచనాలు పెడతాయి. కూనల కోసం దొరికే పాలపొడి మేలు.

పొట్ట మాత్రం కుండలా ఉబ్బి, ఒళ్ళు చిక్కి, ఎక్కిళ్ళతోపాటు దగ్గు కూడా ఉన్న పిల్లలో ఏలికపాములను అనుమానించాలి. ఇవి తల్లి కడుపులో ఉండగానే, తర్వాత పాల ద్వారానూ పిల్లకు సంక్రమిస్తాయి. వాటి లార్వాలు ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణిస్తాయి. అందుకే నట్టల మందు రెండు వారాల వయసులోనే మొదలుపెట్టి, ఎనిమిది వారాల వరకు రెండు వారాలకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి ఇవ్వాలి. మోతాదు పిల్ల బరువును బట్టి ఉంటుంది కాబట్టి పక్కింటి కుక్కకు రాసిన చీటీ దీనికి పనికిరాదు. ఈ పాముల గుడ్లు మట్టి ద్వారా మనుషుల పిల్లలకూ సోకగలవు.

ఎప్పుడు, ఎక్కడికి

ఎక్కిళ్ళు గంట దాటినా ఆగకపోతే డాక్టరుకు ఫోను చేయాలి. కొన్ని గంటలపాటు సాగినా, రోజుకు పలుమార్లు చొప్పున రోజుల తరబడి వస్తున్నా, ఎన్నడూ లేనిది నడివయసు దాటిన కుక్కకు కొత్తగా మొదలైనా చూపించాలి. ఊపిరితిత్తుల్లో, గుండె పొరల్లో, కడుపులో ఉన్న జబ్బు ఆ నాడులను రేపుతూ ఉండవచ్చు. వాంతులు, తిండి మానేయడం, పిల్లికూతల ఊపిరి, చొంగ, నీరసం, పాలిపోయిన లేదా నీలి చిగుళ్ళు వీటిలో ఏ ఒక్కటి తోడైనా గంట కోసం ఎదురు చూడవద్దు.

బయలుదేరే ముందు ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి. ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికి ఎక్కిళ్ళు ఆగిపోవడం సర్వసాధారణం, అప్పుడు మీరు నోటితో అభినయించి చూపించవలసి వస్తుంది. కుక్క పక్కకు తిరిగి ఉండగా, డొక్క, తల రెండూ కనిపించేలా, టీవీ కట్టేసి శబ్దం స్పష్టంగా పడేలా తీయాలి. ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం తిన్నది, నట్టల మందు, టీకాలు చివరిసారి ఎప్పుడు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. టీకాల పుస్తకం వెంట తీసుకువెళ్ళండి.

మండల కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో ప్రధానంగా పాడి పశువులను చూసినా కుక్కలనూ చూస్తారు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. చీపురుపల్లి, రాజాం వైపు వారికి అది దగ్గర. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. శస్త్రచికిత్స అవసరమైన కేసుల్లో చాలామంది విశాఖపట్నం వెళ్తారు, ఇచ్ఛాపురం వైపు వారికి బరంపురం దగ్గర. రాత్రివేళ తెరిచి ఉండే ఆసుపత్రి ఏది, అక్కడికి ఎంతసేపు పడుతుంది అన్నది అవసరం రాకముందే కనుక్కొని, ఆ నంబరును ఇంట్లో అందరి ఫోన్లలోనూ వేసి ఉంచండి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. ప్రతి ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ టీకాను ఉచితంగా వేస్తుంటారు. డిస్టెంపర్ తదితర జబ్బుల టీకాలను మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్యనే మొదలుపెట్టాలి కాబట్టి, ధనుర్మాసంలో పుట్టిన కూనకు శివరాత్రి నాటికి మొదటి సూది పడి ఉండాలి.